గాలి ఆడని అక్టోబరు

మా ఇంటి ముందున్న ఏడాకుల చెట్టు పూసిందంటే, పొద్దు వాలకముందే కిటికీలు మూసే పని మొదలవుతుంది నాకు. ముందు వంటింటిది, తర్వాత మంచం పక్కది, ఆఖరున బాల్కనీ తలుపు. ఆ తలుపు కింద సందు ఉంది. అక్కడ పాత తువ్వాలు మడిచి కుక్కుతాను. ఇంత చేసినా వాసన వస్తూనే ఉంటుంది. తియ్యగా, మత్తుగా, ఎవరో పాయసంలో ఏలకులు ఎక్కువ వేసేసినట్టు. పెళ్లి కాకముందు ఈ వాసన కోసమే పనిగట్టుకుని ఈ చెట్లున్న వీధుల్లో నడిచేదాన్ని. ఇప్పుడది ముక్కుకి తగలగానే పక్క గదిలో మా అమ్మాయి ఊపిరి ఎలా తీస్తోందో వినడానికి చెవులు అటు పోతాయి.

మేముండేది రాయపూర్ శివారు మోవాలో, ఒక మేడ మీది వాటాలో. మా ఆయనకి సిల్తారాలో స్పాంజ్ ఐరన్ ప్లాంటులో ఉద్యోగం. పొద్దున్నే మేడ మీద చెప్పుల్లేకుండా నడిస్తే మసికి అరికాళ్లు నల్లబడతాయి. బట్టలు ఆరేసే ముందు తీగని తడిగుడ్డతో తుడవాలి, ఆరాక ఒక్కొక్కటీ విదిలించి మరీ లోపలికి తేవాలి. ఇక్కడ ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోరు. ఆ పొగలోంచే మాకు జీతం వస్తుంది గనక మేమసలు చెప్పుకోం.

మా నాన్న రైల్వే ఉద్యోగానికని శ్రీకాకుళం నుంచి వచ్చారు. నేను పుట్టిందీ పెరిగిందీ, బాటనీతో డిగ్రీ చేసిందీ అంతా రాయపూర్‌లోనే. తెలుగు రాయడం అమ్మ నేర్పింది. చదువుకున్న బాటనీ ఉద్యోగానికి పనికిరాలేదు కానీ, మనసు బాగాలేనప్పుడల్లా ఏదో ఒక చెట్టు కిందికి వెళ్లి నిలబడే అలవాటు మాత్రం ఆ చదువుతోనే వచ్చింది. రైల్వే క్వార్టర్ల వెనక కానుగ చెట్ల కింద చైత్రంలో లేత ఆకులు చూస్తూ నిలబడి బస్సు వదిలేసిన రోజులున్నాయి.

అమ్మాయి పుట్టాక ఆ అలవాటు దానికీ అంటించాను. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టేలోపు ఇద్దరం మేడెక్కేవాళ్లం. కరెంటు తీగ మీద గోరువంకలు, నీళ్ల ట్యాంకు మూత మీద పికిలిపిట్ట, ఎదురింటి డిష్ మీద ఎప్పుడూ ఒంటరిగా కూర్చునే ఒక నల్లంచి పిట్ట. అది వెళ్లిపోతే మా అమ్మాయి, "ఆఫీసుకెళ్లిందా?" అనేది. దసరా రోజుల్లో పాలపిట్ట కోసం వెతికేవాళ్లం. ఇక్కడివాళ్లు కూడా ఆ రోజు నీలకంఠ్ కనపడాలంటారు, ఆ ఒక్క విషయంలో మా అత్తగారికీ కింది వాటా ఆంటీకీ ఎప్పుడూ గొడవ రాలేదు.

ఇంట్లో మా మాటల్లో సగం హిందీయే. పంఖా ఆపు, చాబీ ఎక్కడ, దర్వాజా వేశావా అనే అంటాం. కానీ మేడ మీద నేనూ అమ్మాయీ మాట్లాడుకునేది మాత్రం అచ్చంగా తెలుగు. మబ్బు, మంచు, తుంపర, వడగాలి, సుడిగాలి. నేను కావాలని పెట్టుకున్న నియమం కాదు, ఆ మాటలు నాకు మా అమ్మ నోటినుంచి అలాగే వచ్చాయి. "గాలి వస్తోంది చూడు, ఆకులు వెనక్కి తిరుగుతున్నాయి" అంటే, అది చెంపలు గాలికి ఒగ్గి నిలబడేది. వాన రాని ఆషాఢంలో ఉక్కపోతకి కిటికీలన్నీ తీసి, "అబ్బ, గాలి ఆడట్లేదు" అంటే అది కూడా ఫ్రాకు ఊపుకుంటూ, "ఆడట్లేదు, ఆడట్లేదు" అని గదంతా తిరిగేది.

దానికి మొదటిసారి ఆయాసం వచ్చింది మేము ఈ ఇంట్లోకి మారిన ఏడాది, దీపావళికి ముందు. జలుబనుకున్నాం. ఛాతీలో పిల్లి కూన అరిచినట్టు చప్పుడు. డాక్టరు విని, దుమ్ము, పొగ, పుప్పొడి, చలి, వీటిలో ఏదైనా కావచ్చు, అన్నీ కావచ్చు అన్నాడు. పెద్దయితే తగ్గచ్చు అన్నాడు. మందు పీల్చే ఒక పంపూ, దానికి తగిలించే ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి ఎలా పట్టాలో చూపించాడు. పిల్ల మెడ కింద గుంట లోపలికి పోతుంటే ఆలస్యం చెయ్యొద్దని చెప్పాడు.

ఆ రోజునుంచి దాన్ని చూస్తే ఆ గుంట తప్ప నాకు ఇంకేదీ ముందు కనపడదు. నేను పక్కనుంటే పర్లేదు, చూస్తాను, పంపు పడతాను. నేను లేనప్పుడు ఊపిరి అందకపోతే ఎవరికి తెలుస్తుంది? అది నోరున్న పిల్ల కాదు. కాలు విరిగినా మూలకెళ్లి కూర్చునే రకం. పోయిన ఏడు జూన్‌లో బడిలో వేసినప్పటినుంచి నా భయమంతా ఇదే. దాని బ్యాగులో ఒక పంపు పెట్టాను, టీచరుకి చెప్పాను, ఆవిడ "హా హా, జరూర్" అంది. ఆవిడ క్లాసులో అలాంటి హా హాలు ఎన్ని ఉంటాయో నాకు తెలుసు.

ఇక చెట్టు సంగతి. కింది వాటా ఆంటీ ఛత్తీస్‌గఢ్ మనిషి, మంచిది, ఏం వండినా గిన్నె పైకి పంపుతుంది. ఒకరోజు మెట్ల మీద నన్ను ఆపి, "బహూ, ఈ చెట్టు వల్లే పిల్లకి దమా. కొట్టించెయ్. మా చెల్లెలి కాలనీలో అందరూ కొట్టించేశారు" అంది. మా అత్తగారు పైనుంచి అది విన్నారు. ఆవిడకి ఇరవై మాటల కన్నా హిందీ రాదు గానీ ఆయాసానికి దమా, చెట్టుకి పేడ్, రెండూ అందులో ఉన్నాయి.

"నాను మొదటే సెప్పినాను. పూసిన రాత్రి గుంటపిల్ల దగ్గుతాది, రాలినాక ఊరుకుంటాది. అదేటి సెట్టమ్మా, కాయ నేదు, పండు నేదు. ఒట్టి కంపు."

"అత్తా, అది రోడ్డు పక్క చెట్టు. మనది కాదు."

"రోడ్డుది రోడ్డులో ఉండాలి. మనింట్లోకి ఎందుకొస్తాది?"

మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి, బూట్లు విప్పుతూ అంతా విని, "చెట్టేం కాదు, మా పొగ" అన్నాడు. "నేను అక్కడ పొద్దుట్నుంచీ పీలుస్తున్నదే ఇక్కడికి సాయంత్రానికి వస్తోంది. చలి పడ్డాక అది పైకి పోదు, మన మీదే కూర్చుంటుంది."

"అయితే ప్లాంటు కొట్టించెయ్యి" అన్నారు అత్తగారు.

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చెట్టు పూసే రోజులూ, చలి మొదలయ్యే రోజులూ, పొగ కిందికి దిగే రోజులూ, పల్లెల్లో కోతలై దుమ్ము లేచే రోజులూ అన్నీ ఒకేసారి వస్తాయి ఇక్కడ. ఏది దోషో చెప్పడానికి నేను చదివిన బాటనీ చాలదు. నాకు చెట్టు కాకూడదని ఉండేది. అలా ఉన్నందుకే నా మాట మీద నాకు నమ్మకం ఉండేది కాదు.

మేడెక్కడం మానేశాం. పొద్దున్న పంపు, ఆ తర్వాత మూసిన కిటికీ అద్దం వెనకనుంచి గోరువంకలు. అద్దం మీద మసి, దాని మీద పిల్ల వేలితో గీసిన గీతలు. వాతావరణాన్ని నేను వేరేగా చదవడం మొదలుపెట్టాను. తూర్పున మబ్బు పడితే ఇదివరకు వాన ఎప్పుడొస్తుందా అనుకునేదాన్ని, ఇప్పుడు ఈ తడికి రేపు బడికి పంపాలా అనుకుంటాను. పొద్దున్న మంచు కమ్మి వీధి చివర చెట్లు కనపడకపోతే అందంగానే ఉంటుంది. ఒక క్షణం చూసి, అందులో మంచెంత పొగెంత అని ముక్కు ఎగబీలుస్తాను. అందరూ తిట్టుకునే నౌతపా, మన రోహిణి కార్తె ఎండలు, మాకు మాత్రం సుఖం. నలభై దాటిన ఎండలో, ఒళ్లు మండే ఆ ఎండుగాలిలో మా పిల్ల ఛాతీ శుభ్రంగా పలుకుతుంది. మేలో కూలర్ ముందు కూర్చుని పుచ్చకాయ తింటూ, "ఈ ఎండ ఇంకో నెల ఉంటే బాగుండు" అని నేనంటే కింది ఆంటీ నాకు వడదెబ్బ తగిలిందనుకుంది.

బడిలో వేసిన ఆ ఏడు అక్టోబరులోనే ఒక మధ్యాహ్నం బడినుంచి ఫోను వచ్చింది. క్లాసు టీచరు. ఫోను చెవికి పెట్టుకుంటూనే స్కూటీ తాళం అందుకున్నాను. కానీ ఆవిడ గొంతులో కంగారు లేదు, చిరాకుంది.

"మేడమ్, మీ అమ్మాయి క్లాసులో గాలీ ఇస్తోంది. పిల్లలు కంప్లయింట్ చేశారు. బయట కూర్చోబెట్టాను. ఒకసారి వస్తారా?"

గాలీ అంటే ఇక్కడ తిట్టు. బూతు. స్కూటీ మీద వెళ్తున్నంతసేపూ ఏ బూతు అయ్యుంటుందా అని ఆలోచించాను. మా ఆయన ఫోనులో కాంట్రాక్టరుని తిట్టేవి గుర్తొచ్చాయి. మా అత్తగారి తిట్లు టీచరుకి అర్థం కావు గనక అవి కాదనుకున్నాను. సిగ్గుగా ఉంది, కొంచెం ఊరటగా కూడా ఉంది, ఒంట్లో బాగాలేదని కాదు కదా అని.

వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది మా పిల్ల. రెండు చేతులూ బెంచీ అంచు మీద గట్టిగా ఆన్చి, భుజాలు పైకెత్తుకుని. నన్ను చూసి లేవలేదు. దగ్గరికెళ్లేసరికి పెదాలు బూడిదరంగులో ఉన్నాయి, మెడ కింద గుంట లోపలికి పోయి వస్తోంది. దాని బ్యాగు లోపల క్లాసులో ఉంది. నా బ్యాగులో ఇంకో పంపు ఉంది. డబ్బాకి తగిలించి మొహానికి పట్టి, "తియ్యి, వదులు, తియ్యి" అన్నాను. కాసేపటికి భుజాలు దిగాయి.

టీచరు బయటికి వచ్చింది. చిన్నపిల్ల, బహుశా అదే మొదటి ఉద్యోగం. పంపు చూసి ఆవిడ మొహం తెల్లబోయింది.

"ఏమందండీ ఇది?" అన్నాను.

"గాలీ గాలీ అంటోంది మేడమ్. పక్క పిల్లలు నవ్వారు. నేను మళ్లీ అనకు అంటే మళ్లీ అదే అంది."

"ఏమన్నావురా బంగారం?"

అది డబ్బా పక్కకి పెట్టి నెమ్మదిగా చెప్పింది. "గాలీ నహీ ఖేల్ రహీ, అన్నాను. ఆడట్లేదు కదా."

గాలి ఆడట్లేదు. దాన్ని ముక్కకి ముక్కగా హిందీలోకి మార్చింది. ఆడటానికి ఖేల్‌నా. గాలికి మాత్రం హిందీ అక్కర్లేదనుకుంది. ఊపిరి అందక చావుబతుకుల్లో ఉన్న పిల్ల, టీచరు చెవికి, తిట్టు ఆడుకోవడం లేదని చెప్పింది. రెండోసారి కూడా అదే చెప్పింది. ఇంకా గట్టిగా.

నేను టీచరుకి అర్థం విడమర్చి చెప్పాను. ఆవిడ బెంచీ ముందు కూర్చుని పిల్ల చెయ్యి పట్టుకుంది. "సాఁస్ నహీ ఆ రహీ బోల్నా థా నా బేటా" అంది, ఊపిరి అందట్లేదని చెప్పాల్సింది కదా అని. ఆవిడ కళ్లు తడయ్యాయి. ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. అప్పటికే చాలా అలిసిపోయాను.

ఇంటికొస్తుంటే స్కూటీ ముందు నిలబడ్డ పిల్లని అడిగాను. "హిందీలో హవా అనాల్సింది కదా. నీకు హవా తెలుసు కదా?"

"హవా పంఖాది" అంది. "గాలి చెట్టుది."

అది అన్నది తప్పు కాదు. నేనే అలా నేర్పాను.

సాయంత్రం ఇంట్లో పంచాయితీ. మా ఆయన టీ గ్లాసు పట్టుకుని తేల్చేశాడు. "ఇక దానితో హిందీయే. బతికేది ఇక్కడ."

"మరి నాతో ఎవులు మాటాడతారు?" అన్నారు అత్తగారు. "నాను గోడతో మాటాడుకోవాలేటి?"

"నీతో తెలుగేలే అమ్మా."

"దానితో హిందీ, నాతో తెలుగు. మజ్జిలో ఆ గుంట ఎటు తిరగాల?"

చివరికి నేనే అన్నాను, ఒక్క వాక్యం నేర్పిస్తే చాలు, మిగతాది తర్వాత చూద్దామని. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను. "చెప్పు. టీచర్, ముఝే సాస్ నహీ ఆ రహీ."

మా ఆయనకి టీ పొలమారింది. "ఏమంటున్నావ్?"

"సరిగ్గానే అన్నానుగా."

"సాస్ అంటే అత్తగారు. టీచర్, నాకు అత్తగారు రావట్లేదు అని చెప్పిస్తావా?"

పుట్టి పెరిగిందంతా ఇక్కడే, హిందీలో పరీక్షలు రాసిన దాన్ని. కానీ నా నోట్లో ఆ ముక్కులోంచి రావాల్సిన సున్నా ఇప్పటికీ జారిపోతుంది. మా ఇళ్లలో చాలామందికి అంతే. అత్తగారికి విషయం అర్థమై, "నానెక్కడికెల్నాను? ఇక్కడే ఉన్నాను కదా!" అన్నారు. పిల్ల పడీ పడీ నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు రాగానే ముగ్గురం నవ్వాపి దాని మెడకేసి చూశాం.

ఆఖరికి మా ఆయన, మధ్యలో 'న' పెట్టి అనమన్నాడు. సాన్స్. అలాగైతే ఎవరికీ అత్తగారు గుర్తు రాదు. అన్నం తింటూ, జడ వేయించుకుంటూ, మెట్లు దిగుతూ అది ఆ వాక్యం పలికింది. ముఝే సాన్స్ నహీ ఆ రహీ. మమ్మీ కో బులావో. బ్యాగ్ మే పంప్ హై. ఊపిరి అందట్లేదు, మమ్మీని పిలవండి, బ్యాగులో పంపు ఉంది అని. నేను టీచరుని, నేను బస్సు డ్రైవర్ని, నేను ఎవరో తెలియని ఆంటీని. దానికది ఆటయిపోయింది. హోంవర్కు చెయ్యమంటే సాన్స్ నహీ ఆ రహీ. కాకరకాయ వేస్తే సాన్స్ నహీ ఆ రహీ. నేను ప్రతిసారీ చెయ్యి కడుక్కుని వచ్చి మెడ చూసేదాన్ని. ఆట అని తెలిసినా చూసేదాన్ని. ఒకసారి విసిగిపోయి ఒక్కటి వేశాను కూడా. వేశాక అది ఏడిస్తే మళ్లీ ఆయాసం వస్తుందేమోనని గంటసేపు ఎత్తుకుని తిరిగాను.

ఆ చలికాలంలో మనుషులొచ్చి చెట్టు కొమ్మలు నరికారు. కింది ఆంటీ ఎక్కడెక్కడో చెప్పి పిలిపించింది. మొదలు నరకడానికి వీల్లేదట, కొమ్మలే. నేను అడ్డు చెప్పలేదు, అవునని కూడా అనలేదు, వంటింట్లో చపాతీలు వత్తుతూ ఉండిపోయాను. కొమ్మ తెగితే పాలు కారే చెట్టది, ఒక్కో కొమ్మ పడినప్పుడల్లా ఆ పచ్చి వాసన పైదాకా వచ్చింది. ఆ వాసనకి పిల్లకి ఏమీ కాలేదు. ఆ రాత్రి మాత్రం ఆయాసం వచ్చింది. ఎందుకో ఎవరికీ తెలియదు. తర్వాతి వానలకి ఆ మొండి చేతుల చివర్లనుంచి ఒక్కోచోట గుత్తులు గుత్తులుగా కొత్త కొమ్మలు లేచి, చెట్టు ముందుకన్నా గుబురైంది. "సచ్చినా సావదు" అన్నారు అత్తగారు, ఆ గొంతులో మెప్పు కూడా ఉందని నాకనిపించింది.

ఈ ఏడు దీపావళి అయ్యాక మా ఆడపడుచు కొడుకు పుట్టినరోజుకి తిల్దా వెళ్లాం. వాళ్లాయన ఒక రైసుమిల్లులో లెక్కలు చూస్తాడు. కొత్త ధాన్యం వచ్చే రోజులు, మిల్లులన్నీ నడుస్తున్నాయి. రైలు దిగగానే ఊక కాలిన వాసన, కళ్లలో నలుసులు. నేను వెళ్దామా వద్దా అని వారం ఊగిసలాడి, ఆడపడుచు చిన్నబుచ్చుకుంటుందని బయల్దేరాను. పిల్లకి పొద్దున్నే పంపు పట్టాను, ముక్కుకి చున్నీ కట్టాను. చున్నీ స్టేషన్ దాటకముందే జేబులోకి పోయింది.

వంటింట్లో పూరీలు వత్తుతుంటే పిల్లలంతా వరండాలో ఉన్నారు. చప్పుడు వింటూనే ఉన్నాను. ఎప్పుడు ఆగిందో తెలియలేదు. ఆడపడుచు ఏదో చెప్తోంది, నేను ఊఁ కొడుతున్నాను, బాండీలో పూరీ పొంగుతోంది. ఆ ఊఁ మధ్యలో ఎవరో వీధి తలుపు తోసి లోపలికి వచ్చారు.

నాకు తెలియని మనిషి. చీర కొంగు నడుముకి చుట్టుకుని, మోచేతుల దాకా ఊక ధూళి, మిల్లులో పనిచేసే ఆవిడలా ఉంది. ఆవిడ చంకలో మా అమ్మాయి.

"కిస్కీ బచ్చీ హే ఏ, ఎవరి పిల్ల? సాన్స్ నహీ ఆవత్ హే అంటోంది. మమ్మీ బ్యాగులో పంపు ఉందట. ఏ ఇంట్లో అంటే చెయ్యి చూపించింది."

పిల్లలు దాక్కునే ఆటలో వీధి చివర మిల్లు గోడదాకా పోయారట. మిగతావాళ్లకి ఇది కనపడలేదు, కనపడకపోవడమే కదా ఆట. గోడ వెనక ఒక్కత్తే ఉంది. ఏడవలేదు, మూలకెళ్లి కూర్చోలేదు. దారిన పోయే మొదటి మనిషి కొంగు పట్టుకుని ఆ వాక్యం మొత్తం చెప్పింది.

పంపు పట్టాను. తియ్యి, వదులు. ఆ మనిషి గుమ్మంలో నిలబడి చూస్తూ, తనకి తెలియకుండానే మాతో పాటు ఊపిరి తీసి వదులుతోంది. పిల్ల పెదాలకి రంగు వచ్చాక ఆవిడ మంచినీళ్లు అడిగి తాగింది. కూర్చోమంటే కూర్చోలేదు, షిఫ్టు గంట అవుతుందంది. పోతూ పోతూ పిల్ల బుగ్గ మీద తన వేళ్ల దుమ్ము అంటించి, "బహుత్ హుషియార్, బాగా తెలివైంది" అంది.

"నేను సాన్స్ అన్నాను మమ్మీ. సాస్ అనలేదు" అంది పిల్ల, ఊపిరి కొంచెం కొంచెంగా తీసుకుంటూ.

"విన్నాను" అన్నాను. నూనె మాడిపోతోందని ఆడపడుచు లోపలినుంచి అరుస్తోంది.

కాసేపటికి అది నా ఒళ్లో పడుకుంది. పెరటి గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని కూర్చున్నాను. అక్కడినుంచి కోత అయిన పొలాలు కనిపిస్తాయి. మోళ్ల మధ్య తెల్లకొంగలు నెమ్మదిగా, ఏదో పోగొట్టుకున్నట్టు నడుస్తున్నాయి. ఒకటి లేస్తే అన్నీ లేచి కొంచెం దూరంలో మళ్లీ వాలుతున్నాయి. చాలా రోజులైంది ఒక పిట్టని ఊరికే చూసి. దాని ఛాతీలో చప్పుడు ఇంకా ఉంది, సన్నగా. అది వినిపిస్తూనే ఉంది, కొంగలూ కనిపిస్తూనే ఉన్నాయి.

మా ఆయన వచ్చి, "వెళ్దామా? ట్రైన్ టైమవుతోంది" అన్నాడు.

"తర్వాతి దానికి వెళ్దాం."

"ఎందుకు? మళ్లీ వచ్చిందా?"

"లేదు. నాకు నిద్రొస్తోంది" అన్నాను.

ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, పిల్ల కాళ్ల మీద తన తువ్వాలు కప్పి, గుమ్మంలో కూర్చున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను.